గురుతుపట్టు: యాకోబు ఇంటి కథను పెద్దయ్యాక చదివితే

పోయిన ఎండాకాలం మా చర్చిలో వి.బి.ఎస్. (పిల్లలకి సెలవుల్లో పెట్టే బైబిల్ తరగతులు) పెట్టినప్పుడు మా అమ్మాయి రోజుకో రంగుల కాగితం ఇంటికి తెచ్చేది. ఒకరోజు యాకోబు కొడుకు యోసేపు నిలువుటంగీ బొమ్మ తెచ్చింది. హాల్లో నేల మీద బోర్లా పడుకుని, ఒక్కో చారకి ఒక్కో క్రేయాన్ తీసి దిద్దుతూ, "అన్నలు దీనికి రక్తం పూశారంట కదా, ఎవరి రక్తం?" అని అడిగింది. మేకపిల్లదమ్మా అన్నాను. కాసేపు ఊరుకుని, "మేకపిల్ల వాళ్లనేం చేసింది?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి అందరూ పడుకున్నాక బైబిల్‌లో మొదటి పుస్తకం ఆదికాండం తీశాను. యోసేపు కథ 37వ అధ్యాయంలో మొదలవుతుంది. నేను మాత్రం పది అధ్యాయాలు వెనక్కి వెళ్లి 27 నుంచి చదవడం మొదలుపెట్టాను. అక్కడ కూడా మేకపిల్లలు ఉన్నట్టు లీలగా గుర్తు.

ఈ కథలన్నీ నాకు సండే స్కూల్ నుంచే వచ్చు. ఫ్లానెల్ బోర్డు మీద టీచర్ అంటించే బొమ్మలు ఇప్పటికీ కళ్ల ముందు కనిపిస్తాయి. కానీ అక్కడ ఒక్కో ఆదివారానికి ఒక్కో కథ. యాకోబు తండ్రిని మోసం చేయడం ఒక వారం, అందులో నీతి అబద్ధం ఆడకూడదని. యోసేపును అన్నలు అమ్మేయడం ఇంకో వారం, అందులో నీతి అసూయ పడకూడదని. బంగారు వాక్యం అప్పజెప్పి, ప్రార్థన చేసుకుని ఇంటికి వచ్చేసేవాళ్లం. మధ్యలో ఉన్న 38వ అధ్యాయం, యూదా తామారుల కథ, మాకు ఎవరూ చెప్పలేదు. పిల్లలకి చెప్పే కథ కాదు, చెప్పకపోవడంలో తప్పు లేదు. పెద్దయ్యాక కూడా మనం ఆ చిన్నప్పటి ముక్కలనే పట్టుకుని ఉండటమే నాకు బాధగా ఉంది. ఎందుకంటే 27వ అధ్యాయం నుంచి చివరిదాకా ఉన్నది ఒకటే కథ. ఒక ఇంట్లో మొదలైన మోసం తరం నుంచి తరానికి ఎలా తిరిగిందో, చివరికి దాన్ని ఎవరు ఎక్కడ ఆపారో ఆ కథ చెబుతుంది. రాసినాయన ఆ సంగతి ఎక్కడా పైకి అనడు. అవే వస్తువులు, అవే మాటలు మళ్లీ మళ్లీ మన ముందు పెడతాడు. కలుపుకోవాల్సింది మనమే.

మొదటి ముడి ఇది. ఇస్సాకు ముసలివాడయ్యాడు, చూపు ఆనడం లేదు. పెద్దకొడుకు ఏశావును దీవించాలనుకున్నాడు. తల్లి రిబ్కాకు చిన్నవాడు యాకోబు మీద ప్రేమ. మందకు పోయి రెండు మంచి మేకపిల్లల్ని తెమ్మని అతన్ని పంపింది. మాంసంతో భర్తకి ఇష్టమైన వంట చేసింది. తోళ్లు యాకోబు చేతులకీ మెడకీ చుట్టింది. ఏశావు మంచి బట్టలు తీసి తొడిగింది. యాకోబు పళ్లెంతో లోపలికి వెళ్లి "నా తండ్రీ" అని పిలిస్తే, ముసలాయన "నా కుమారుడా, నీవెవరివి?" అని అడిగాడు. నేను నీ పెద్దకొడుకు ఏశావును అన్నాడు యాకోబు. ఇస్సాకు దగ్గరికి రమ్మని తడిమి చూశాడు. స్వరం యాకోబుదే, చేతులు మాత్రం ఏశావు చేతులు అన్నాడు. అనుమానం వచ్చింది కానీ గురుతుపట్టలేకపోయాడు. దీవెన ఇచ్చేశాడు.

మేక, అన్న బట్టలు, గురుతుపట్టలేని తండ్రి. ఈ మూడూ చేతిలో పట్టుకుని ముందుకు నడిస్తే కథ వేరేగా కనిపిస్తుంది.

మోసం యాకోబుకి తిరిగి తగలడానికి ఎక్కువ కాలం పట్టలేదు. అన్న చంపుతాడని పారిపోయి మేనమామ లాబాను ఇంట్లో చేరాడు. చిన్నకూతురు రాహేలు కోసం ఏడేళ్లు కొలువు చేశాడు. పెళ్లినాటి రాత్రి లాబాను పెద్దకూతురు లేయాను లోపలికి పంపాడు. తెల్లవారి చూస్తే లేయా! ఎందుకిలా మోసం చేశావని నిలదీస్తే లాబాను నిమ్మళంగా, పెద్దదానికంటే ముందు చిన్నదాన్ని ఇవ్వడం మా దేశంలో మర్యాద కాదు అన్నాడు. పెద్దవాణ్ణి తోసేసి దీవెన ఎత్తుకొచ్చిన చిన్నవాడితో అన్నాడా మాట. ఇంటికి వచ్చిన కొత్తలో యాకోబు తన సంగతులన్నీ లాబానుకు చెప్పుకున్నాడని కొన్ని వచనాల ముందే ఉంది. ఆ "అన్నీ"లో దీవెన సంగతి కూడా ఉందో లేదో తెలియదు. యాకోబు మాత్రం మారుమాట్లాడకుండా ఇంకో ఏడేళ్ల కొలువుకి ఒప్పుకున్నాడు. ఎందుకు నోరు మెదపలేదో పెద్దయ్యాక చదివితే అర్థమవుతుంది.

ఇప్పుడు మా అమ్మాయి రంగులు వేసిన అంగీ దగ్గరికి వద్దాం. తెలుగు బైబిల్ దాన్ని విచిత్రమైన నిలువుటంగీ అంటుంది. రంగుల అంగీయో, పొడుగు చేతుల అంగీయో హీబ్రూ మాటను బట్టి తేల్చడం కష్టం. అది ఏం చేసిందో మాత్రం స్పష్టం. తండ్రి పక్షపాతాన్ని ఒక పిల్లవాడి ఒంటి మీద అందరికీ కనబడేలా తొడిగింది. యోసేపుకి అప్పుడు 17 ఏళ్లు. అన్నలు ఆ అంగీని లాగేసి అతన్ని గుంటలో పడేశారు, ఆ తర్వాత ఐగుప్తుకు (ఈజిప్టుకు) పోతున్న వర్తకుల చేతిలో పెట్టారు. ఒక మేకపిల్లను చంపి అంగీని ఆ నెత్తుట్లో ముంచి తండ్రికి పంపారు.

అన్నలు ఏమని చెప్పి పంపారో జాగ్రత్తగా చూడండి. యోసేపు చనిపోయాడు అనలేదు. ఇది మాకు దొరికింది, నీ కొడుకు అంగీ అవునో కాదో గురుతుపట్టు అన్నారు, అంతే. మిగతా అబద్ధాన్ని యాకోబే పూర్తి చేశాడు. దుష్టమృగం వాణ్ణి తినేసింది అని బట్టలు చింపుకున్నాడు. మేకతోనూ అన్న బట్టలతోనూ తండ్రిని మోసం చేసినవాడు మేక నెత్తురుతోనూ కొడుకు బట్టతోనూ మోసపోయాడు. ఇస్సాకు గురుతుపట్టలేక మోసపోతే, యాకోబు గురుతుపట్టి మోసపోయాడు.

ఇక్కడ "ఇది పాత పాపానికి ఫలితం" అని ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. రాయలేదు. 37వ అధ్యాయంలో దేవుని పేరు ఒక్కసారి కూడా రాదు. ఈ మౌనం మనకి కొత్త. మన పౌరాణిక నాటకంలో పాత్రకి గుండె బరువెక్కితే పద్యం ఎత్తుకుంటుంది, హరికథలో అయితే దాసుగారే ఆగి ఆ బాధను విడమరిచి చెబుతారు. ఆదికాండం రాసినాయన లోపలి సంగతి లోపలే ఉంచుతాడు. జర్మన్ పండితుడు ఎరిక్ ఆవర్‌బాక్ రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇస్తాంబుల్‌లో ప్రవాసంలో ఉండి రాసిన పుస్తకం 1946లో వచ్చింది. గ్రీకు కవి హోమర్ కావ్యాన్నీ, అబ్రాహాము తన కొడుకు ఇస్సాకును బలివ్వడానికి తీసుకెళ్లిన కథనూ ఆయన పక్కపక్కన పెట్టి చూశాడు. హోమర్ అంతా వెలుగులో పెట్టి చెబుతాడు, బైబిల్ కథ అవసరమైనంత చెప్పి మిగతాది చీకట్లో వదిలేస్తుంది అన్నది ఆయన చూపించిన తేడా. మూడు రోజుల నడకలో అబ్రాహాము మనసు ఎలా ఉందో అక్కడ ఒక్క ముక్క కూడా ఉండదు. చిన్నప్పుడు ఆ చీకటి మనకి కనబడదు. కథ తొందరగా ముందుకు పోతోంది కదా అని సంతోషిస్తాం. ఇంట్లో ఒకరి మౌనం వెనక ఏముందో ఊహిస్తూ బతకడం అలవాటయ్యాక చదివితే ఆ ఖాళీలే ముందు కనబడతాయి.

సరే, యోసేపు ఐగుప్తుకు వెళ్లిపోయాడు. తర్వాత ఏమైందోనని ఊపిరి బిగబట్టి పేజీ తిప్పితే 38వ అధ్యాయం మనల్ని యూదా ఇంటికి తీసుకెళుతుంది. తమ్ముణ్ణి చంపితే మనకేం లాభం, అమ్మేద్దాం అని చెప్పిన అన్న ఇతనే. ఇతనికి పెళ్లయింది, ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి తామారును చేసుకున్నాడు. పెద్దవాడు చనిపోయాడు. మరిది ధర్మం ప్రకారం రెండోవాడికి ఇచ్చాడు. అతనూ చనిపోయాడు. మూడోవాడు షేలా పెద్దయ్యేదాకా పుట్టింట్లో విధవగా ఉండు అని కోడల్ని పంపించేశాడు. వీడు కూడా అన్నల్లాగే పోతాడేమోనని లోపల భయం. షేలా పెద్దవాడయ్యాడు. పెళ్లి మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

తామారు విధవ బట్టలు తీసేసింది. ముసుగు వేసుకుని ఎనయీము అనే ఊరి వాకిట్లో, యూదా వచ్చే దారిలో కూర్చుంది. హీబ్రూలో ఆ పేరుకి "కళ్లు" అనే అర్థం కూడా వస్తుంది. కళ్ల వాకిట్లో కూర్చున్న సొంత కోడల్ని చూసి కూడా యూదా పోల్చుకోలేదు. వేశ్య అనుకున్నాడు. బేరం ఏమిటంటే మందలోంచి ఒక మేకపిల్ల! అవును, మళ్లీ మేకపిల్లే. అది పంపేదాకా కుదువ ఏం పెడతావని ఆమె అడిగింది. నీ ముద్ర, దాని దారం, నీ చేతికర్ర ఇవ్వు అంది. ఆ రోజుల్లో దారానికి కట్టుకు తిరిగే ముద్ర అంటే ఇప్పటి సంతకం, ఆధార్, పాన్ కార్డు అన్నీ కలిపి ఒకటే అనుకోవచ్చు. ఇచ్చేశాడు. తర్వాత మేకపిల్లను పంపితే అక్కడ ఆమె లేదు.

మూడు నెలలకి కోడలు గర్భవతి అన్న కబురు వచ్చింది. బయటికి తీసుకొచ్చి కాల్చేయండి అన్నాడు యూదా. రెండో మాట లేదు, విచారణ లేదు. ఆమెను తీసుకొస్తున్నారు. ఆమె మామగారి పేరు ఎత్తలేదు, ఏడ్చినట్టు కూడా లేదు. ఆ మూడు వస్తువులూ ఆయనకి పంపించి, ఇవి ఎవరివో ఆ మనిషి వల్ల నేను గర్భవతిని, ఎవరివో గురుతుపట్టు అంది.

నేను పుస్తకం పక్కన పెట్టింది ఇక్కడే. నెత్తుటి అంగీతో తండ్రి దగ్గరికి వెళ్లిన మాట ఇది. హీబ్రూలో రెండుచోట్లా "హక్కెర్ నా" అనే ఉంది. మన తెలుగు బైబిల్ కూడా రెండుచోట్లా గురుతుపట్టు అనే మాటనే నిలబెట్టింది, కాబట్టి ఈ దారం పట్టుకోవడానికి హీబ్రూ రావాల్సిన పని లేదు. ఆ మాట చెవిన పడ్డప్పుడు యూదాకి తండ్రి ముఖం గుర్తొచ్చిందా? చెప్పలేదు. యూదా వాటిని గురుతుపట్టి అన్నది ఒక్కటే: ఆమె నాకంటె నీతిమంతురాలు. నాకు కనిపించినంతలో, ఇస్సాకు దీవెన నాటి నుంచి ఈ ఇంట్లో తప్పు నాది అని నలుగురిలో ఒప్పుకున్న మొదటి మగవాడు ఇతనే.

ఇదంతా నేనే కనిపెట్టానని అనుకోకండి. సుమారు క్రీ.శ. 5వ శతాబ్దంలో యూదు రబ్బీల వ్యాఖ్యానాలను కూర్చిన గ్రంథంలోనే ఈ సంగతి ఉంది. నువ్వు నీ తండ్రిని మేకపిల్లతో మోసం చేశావు, తామారు నిన్ను మేకపిల్లతో మోసం చేస్తుంది అని యూదాతో దేవుడు అన్నట్టు వాళ్లు రాసుకున్నారు. తర్వాత, ముఖ్యంగా 19వ శతాబ్దంలో, పండితులు ఆదికాండాన్ని వేర్వేరు పాత మూలాలుగా విడదీయడం మొదలుపెట్టారు. వాళ్ల వాదనలో బలం ఉంది. 37వ అధ్యాయంలోనే యోసేపును తీసుకెళ్లింది ఒకచోట ఇష్మాయేలీయులు, ఇంకోచోట మిద్యానీయులు. 38వ అధ్యాయం ఎక్కడి నుంచో తెచ్చి మధ్యలో అతికించినదని చాలామంది అన్నారు. 1981లో అమెరికన్ విమర్శకుడు రాబర్ట్ ఆల్టర్ ఆ రెండు "గురుతుపట్టు"లను చూపించి, ఇది తెలిసి చేసిన కూర్పు అని గట్టిగా వాదించాడు. నేను ఆల్టర్ వైపే. గుడ్డ ముక్కలు వేర్వేరు తానుల్లోంచి వచ్చి ఉండవచ్చు, అయినా బొంత కుట్టిన చెయ్యి ఏ రంగు పక్కన ఏది పెట్టాలో తెలిసిన చెయ్యి. అధ్యాయాల అంకెలు కూడా మనల్ని తప్పుదోవ పట్టిస్తాయి. ఇప్పుడు మనం వాడే అధ్యాయ విభజన 13వ శతాబ్దపు ఇంగ్లండ్ మతాధికారి స్టీఫెన్ లాంగ్టన్ పేరుతో ముడిపడినది, మూలం కంటే ఎన్నో వందల ఏళ్లు తర్వాతది. అంకెలు తీసేసి చదివితే అంగీకీ ముద్రకీ మధ్య గోడ ఉండదు.

దేవుని వాక్యాన్ని కథల పుస్తకంలా చదవొచ్చా అని చర్చిలో ఒక పెద్దాయన నన్ను అడిగారు. కోపంతో కాదు, నిజంగా టెన్షన్ పడి అడిగారు. ఆ వాక్యం కథగానే మన చేతికి వచ్చింది కదండీ, కథగా వచ్చినదాన్ని కథలా శ్రద్ధగా వినకపోతేనే దానికి అమర్యాద అన్నాను. నేను ఇప్పటికీ అదే నమ్ముతున్నాను.

గుంట దగ్గర ఇంకో ఖాళీ ఉంది. యోసేపును గుంటలో పడేసి అన్నలు భోజనానికి కూర్చున్నారు అని 37వ అధ్యాయం చెబుతుంది. పిల్లవాడు ఏమన్నాడు? ఏడ్చాడా, అరిచాడా? ఆ పేజీలో యోసేపు గొంతు లేదు. 20 ఏళ్లు దాటాక, కరువులో ధాన్యం కోసం అన్నలు ఐగుప్తుకి వస్తారు. అప్పటికి అక్కడ అధిపతి అయిపోయిన యోసేపు వాళ్లను గురుతుపట్టాడు, వాళ్లు అతన్ని గురుతుపట్టలేదు (మళ్లీ అదే మాట). అతను కఠినంగా మాట్లాడేసరికి వాళ్లు తమలో తాము, తమ్ముడు మనల్ని బతిమాలుకున్నప్పుడు వాడి వేదన చూసి కూడా మనం వినలేదు అనుకుంటారు. అంటే అతను బతిమాలాడు. గుంటలోంచి కేకలు వస్తుంటే అన్నలు రొట్టె తిన్నారు. ఆ కేక 37లో వినబడదు, 42లో వినబడుతుంది. వాళ్లు విననంతకాలం మనకీ వినిపించలేదు. ఇంత నేర్పుగా కథ చెప్పినవాళ్లు ఎవరైనా సరే, నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

ఈసారి వచ్చేటప్పుడు చిన్నవాడు బెన్యామీనును తీసుకురావాలని యోసేపు షరతు పెట్టాడు. రాహేలు కొడుకుల్లో యాకోబుకి మిగిలింది అతనొక్కడే. యాకోబు పంపనన్నాడు. ఇతనికేమైనా అవుతుందని భయం. షేలాను దాచుకున్న యూదా భయం కూడా అచ్చంగా ఇదే. పెద్దన్న రూబేను ముందుకొచ్చి, తమ్ముణ్ణి తిరిగి తేకపోతే నా ఇద్దరు కొడుకుల్ని చంపెయ్ అన్నాడు. ఒక కొడుకును పోగొట్టుకుంటే ఇద్దరు మనవల్ని చంపుకోమని తాతకి చెప్పడం! యాకోబు దాన్ని పట్టించుకోలేదు. తిండి అయిపోయాక యూదా లేచి, నేను వాడి గురించి పూటపడతాను (జామీనుగా ఉంటాను), నా చేతిలోంచి అడుగు అన్నాడు. యాకోబు ఒప్పుకున్నాడు. ఇద్దరు కొడుకుల్ని పూడ్చుకున్న తండ్రి ఇంకో తండ్రితో మాట్లాడుతున్నాడు. రూబేనుకి లేనిది అదే అని నేను అనుకుంటాను.

ఇక్కడ తెలుగులో ఒక దారం తెగిపోయింది. తామారు అడిగిన కుదువ, యూదా పడిన పూట మనకి రెండు వేరే మాటలు. హీబ్రూలో రెండూ ఒకే ధాతువు. వస్తువు తాకట్టు పెట్టడం, మనిషి షూరిటీగా నిలబడటం, రెండూ అక్కడ ఒక మాట చుట్టూ తిరుగుతాయి. ఆ మాటే గ్రీకులోకి పోయి కొత్త నిబంధనలో మళ్లీ కనబడుతుంది, మన బైబిల్ దాన్ని సంచకరువు, అంటే బయానా, అంది. దారి పక్కన తన ముద్రను కుదువపెట్టి పోయిన మనిషి ఇప్పుడు తన్నే కుదువపెడుతున్నాడు.

ఆ పూట తీర్చాల్సిన రోజు వచ్చింది. బెన్యామీను గోనెలో యోసేపు గిన్నె దొరికింది, పెట్టించింది యోసేపే. వీడు నాకు దాసుడుగా ఉంటాడు, మీరంతా ఇంటికి పోండి అన్నాడు. తండ్రికి ముద్దైన తమ్ముణ్ణి ఐగుప్తులో వదిలేసి పోవడానికి మళ్లీ అవకాశం దొరికింది. యూదా దగ్గరికి వచ్చి మాట్లాడిన మాటలు 17 వచనాలు. హీబ్రూలో అందులో "తండ్రి" అనే మాట 14 సార్లు వస్తుంది. యాకోబు అన్న ఒక మాటను యూదా ఉన్నదున్నట్టు అప్పజెబుతాడు: నా భార్య నాకు ఇద్దరిని కన్నది. ఇద్దరా? యాకోబుకి పన్నెండుమంది కొడుకులు, నలుగురు తల్లులు. ఈ మాట చెబుతున్న యూదా లేయా కొడుకు. తన తల్లిని భార్యగా లెక్కలోకి తీసుకోని మాటను, తనని కొడుకుగా లెక్కపెట్టని మాటను నిష్ఠూరం లేకుండా పరాయి అధికారి ముందు చెబుతున్నాడు. తండ్రి ప్రాణం ఆ పిల్లవాడి ప్రాణంతో పెనవేసుకుని ఉంది, వాడికి బదులు నన్ను ఉంచుకో అంటున్నాడు. తండ్రి తమ్ముణ్ణి ఎక్కువ ప్రేమించాడన్న కారణంతోనే ఒకప్పుడు అన్నలు యోసేపును అమ్మేశారు. ఇప్పుడూ తండ్రి ప్రేమ మారలేదు, పక్షపాతం అలాగే ఉంది. యూదా మారాడు. ఇంట్లో ఒకరికి ఎక్కువ ప్రేమ దక్కిందని లోపల లెక్కలు వేసుకుని పెరిగిన వాళ్లెవరైనా ఈ 17 వచనాలు ఒక్కసారి నెమ్మదిగా చదవాలి.

యోసేపు ఇక తట్టుకోలేక తానెవరో చెప్పేశాడు. అన్నలందరికీ బట్టలు ఇచ్చాడు. బెన్యామీనుకి ఐదు జతలు, 300 వెండి నాణేలు. యోసేపును అమ్మింది 20 వెండి నాణేలకి. ఒకడికి ఎక్కువ బట్టలు ఇచ్చినందుకు ఈసారి ఎవరూ ఏమీ అనలేదు.

చివరి దృశ్యం 48వ అధ్యాయంలో ఉంది. యాకోబు ఐగుప్తులో మంచాన పడ్డాడు. ముసలితనంతో కళ్లు మసకబారాయి. యోసేపు తన ఇద్దరు కొడుకుల్ని దీవెన కోసం తీసుకొచ్చాడు. యాకోబు "వీరెవరు?" అని అడిగాడు. యోసేపు ఉన్నదున్నట్టు చెప్పాడు. మేకతోళ్లు లేవు, అరువు బట్టలు లేవు. యోసేపు పెద్దవాణ్ణి కుడిచేతి వైపు నిలబెడితే, ముసలాయన చేతులు అడ్డంగా మార్చి కుడిచెయ్యి చిన్నవాడి తల మీద పెట్టాడు. కళ్లు కనబడక పొరపాటు పడ్డాడని యోసేపు ఆ చెయ్యి పట్టుకుని తీయబోయాడు. ఇతనే పెద్దవాడు నాన్నా అన్నాడు. యాకోబు చెయ్యి తీయలేదు. "నాకు తెలుసు నా కుమారుడా, నాకు తెలుసు" అన్నాడు.